సన్యాసమ్మ తిట్టిన బాదంపప్పు

తెల్లారేసరికి చోడవరంలో సన్యాసమ్మ అరుగు మీద పాలగిన్నెలు, పెరుగు ముంతలు, పెళ్లివారి సాంబారు గుండిగలు వరసకడతాయి. "ఇరిగేవంటే సూడు, నీ మొకం మండ!" అని ఆవిడ తిట్టిందంటే రోహిణికార్తె ఎండల్లోనైనా ఆ పాలు విరగవు. ఆవిడ తిట్టినదానికి వయసు పెరగదు. అందుకే ఆ వీధిలో ఫ్రిజ్జులు తక్కువ.

ఆవిడ కోడలు కనకదుర్గ మాడుగుల హల్వా వండేవాళ్లకి జీడిపప్పు, నెయ్యి వేస్తుంది. ఈ ఏడు ధైర్యం చేసి విదేశం నుంచి కంటైనరు బాదంపప్పు తెప్పించింది. లైసెన్సులన్నీ ముందే తీసుకుంది. శ్రావణం పెళ్లిళ్లకి అందిస్తానని వంటవాళ్లకి మాటిచ్చేసింది. సరుకు వైజాగు రేవులో దిగిన రోజున, చోడవరంలో ఎవరైనా చేసే పనే చేసింది. అత్తగారిని గోదాముకి తీసుకెళ్లి బస్తాలన్నిటినీ తిట్టించింది.

సరుకు అక్కడే ఆగిపోయింది. ఆపినవాడు వేంకటరమణమూర్తి, రేవులో తిండిసరుకులు తనిఖీ చేసే ఆఫీసరు, కొద్ది నెలల్లో రిటైరవ్వాల్సినవాడు. బస్తాల మీద శాకాహారమని తెలిపే పచ్చచుక్క లేదు, తెప్పించుకున్నవారి చిరునామా లేదు అన్నాడు. నిజమే, తప్పే. స్టిక్కర్లు అంటిస్తానంది కనకదుర్గ. అంటించడానికి అనుమతి కావాలన్నాడు. ఆ కాయితం వేసవంతా ఆయన బల్ల మీదే పడుకుంది. అడిగితే, "పద్ధతంటూ ఒకటుంటుంది కదమ్మా" అనేవాడు. పద్ధతట! పచ్చచుక్క పెట్టడానికి నెలలు పట్టేది ఏం పద్ధతో, దాన్ని కనిపెట్టినవాడికే తెలియాలి.

శ్రావణం వెళ్లిపోయాక స్టిక్కర్లు పడ్డాయి, నమూనాలు పరీక్షకి వెళ్లాయి. రిపోర్టు చూసి మూర్తి మొహం చిట్లించాడు.

"ఇన్నాళ్లు గోదాము వేడిలో ఉన్నా పప్పు కొంచెం కూడా మారలేదు. ఏం కలిపారు?"

"ఏటీ కలపలేదండి. మా అత్త తిట్టింది."

"మరి తిట్టినట్టు లేబులు మీద లేదే? నిలవకోసం ఏం చేసినా రాసి తీరాలి. మళ్లీ స్టిక్కరు, మళ్లీ అనుమతి. ఈలోగా వాడకం గడువు మూడు నెలలకన్నా తగ్గిపోతుంది, అలాంటి సరుకు వదలకూడదు. తిప్పి పంపెయ్యడమే."

"ఆలీసం సేసింది మీరు కాదేటండీ?" అంది కనకదుర్గ.

కోడలితో వచ్చి పక్కన కూర్చున్న సన్యాసమ్మ లేచింది. మనుషుల్ని ఆవిడ ఎప్పుడూ తిట్టలేదు. మనవలు అన్నం పారబోసినా పళ్లు బిగబట్టి ఊరుకునేది. ఆ రోజు ఊరుకోలేదు.

"సుక్క లేదని ఆపేవు. సుక్క పెట్టడానికి నెలలు తిప్పేవు. బావుందంటే బావుందని తప్పు పడతన్నావు. నీ మొకం మండ! ఆడకూతురు ఉసురు తగల్దేటిరా నీకు?"



మూర్తి రిటైరవ్వాల్సిన నెలాఖరొచ్చింది. దండలు తెచ్చారు, స్వీట్లు తెచ్చారు. ఆయనకి మాత్రం అరవై నిండలేదు. మరుసటి నెలాఖరుకీ నిండలేదు. ఆయన అదే బల్ల ముందు, అదే నడుంనొప్పితో కూర్చున్నాడు. ఆ వారమే బాదం ఫైలు కిందినుంచి పైకొచ్చి, సంతకం పడింది. తిట్టిన సరుక్కి గడువు తరగదని ఆయనే రాశాడు.

పప్పు కార్తీకం పెళ్లిళ్లకి మాడుగుల చేరింది. మూర్తి బస్సెక్కి చోడవరం వచ్చి సన్యాసమ్మ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మీ సరుకు వదిలేశానమ్మా. నోరారా ఒక్క మంచిమాటనండి. తిట్టు విడిపోతుందని మీ వీధిలోవాళ్లు అన్నారు."

కనకదుర్గకి జాలేసింది. "పోనీ, అనెయ్యత్తా."

సన్యాసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మాది మాకిచ్చేడు. దానికి మెప్పేటే?"

మూర్తి సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్లిపోయాడు. తెల్లారితే ఆఫీసుంది.