తప్పెట వినని చేను

కప్పగల్లులో దీనమ్మ పొద్దున్నే కాపీ తాగి, కొంగు బిగించి, మిరపచేనికి నీళ్లు కట్టేది. తడి తగిలితే ఆ నేల తన మీద పడిన సద్దులన్నీ వినిపించేది. ఒక చెంబుకు నిన్నటివి, ఇంకో చెంబుకు మొన్నటివి. పక్కచేను సుంకలమ్మ, "ఏందక్కా, నీ చేను ఒకటే వాగతాండాది" అని తన పని తాను చూసుకునేది.

అట్లాంటి చేనును కోర్టు వేలమేసింది. చనిపోయిన మొగుడు బోరు కోసం చేసిన అప్పు తీరలేదని. కాపు చేతికొస్తే దీనమ్మ తీర్చేసేదే. గనుల జోరు రోజులు కదా, ఇనుపరాయి కుప్పలేసుకునేదానికి ఒక కంట్రాక్టరు సగం ధరకే పాడుకున్నాడు. ఆమెకు తెలిసేసరికి అంతా అయిపోయింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

వేలం సంగతి చేనులోనే తప్పెట కొట్టించి చాటినామని కోర్టు అమీను కాగితం రాసినాడు. కొట్టినవాడు జంబన్న, ఆమె వీధివాడే. నేరుగా వాళ్లింటికే పోయింది.

"యాడ కొట్టినావప్పా?"

"కాలవ మోరీ కాడక్కా, మైలు దూరాన. కాపు మీదుండే చేనులో వేలం తప్పెట మోగితే మళ్లా పండదంటారు. నాకు మనసొప్పలేదు."

"నాకు చెప్పద్దా మరి?"

"ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"

చూడండి, మంచితనంతోనే కొంప ముంచినాడు మహానుభావుడు. పైగా అమీను కాగితం మీద వేలిముద్ర కూడా వేసినాడు. ఇంక వాడి సాక్ష్యం నిలవదన్నాడు దీనమ్మ లాయరు. వేలం చెల్లదని అర్జీ వేసి, "చేని మన్ను పట్టుకురామ్మా" అన్నాడు.

బళ్లారి కోర్టులో బంట్రోతు బుట్టలో మన్ను మీద చెంబుతో నీళ్లు పోసినాడు. కాగితంలోని తారీకు దాకా పోస్తే, కలుపు తీసే సద్దు, పిట్టల అరుపులు, మేకలను దీనమ్మ తిట్టిన తిట్లు వినిపించినాయి. ఆమె సిగ్గుతో తల వంచుకుంది. తప్పెట మాత్రం లేదు.

"ఇది ఒక మూల మన్నే, నాలుగు మూలలవీ వినాల" అని కంట్రాక్టరు లాయరు అడ్డం పడ్డాడు. న్యాయమే అన్నాడు జడ్జి. మర్నాడు నాలుగు బుట్టలు వచ్చినాయి. నాలుగింట్లోనూ అవే తిట్లు.

"చాటింపు ఆ భూమి మీదనే పడాల. పడలేదు. వేలం రద్దు. మళ్లా వేలం మూడు నెలల తర్వాతే" అన్నాడు జడ్జి.

మూడు నెలలంటే కాయ మొత్తం కోసి, ఎండబెట్టి, అమ్ముకోవచ్చు. దీనమ్మ కడుపు చల్లబడింది. వెనక బెంచీలో తల ఎత్తలేక కూర్చున్న జంబన్న కాడికి పోయింది.

"రేపు కోత మొదలు పెడతాండా. మీ ఇంటామెను పంపించు. నువ్వు కూడా రా."