నాకు సూది కావాల

చెంపకు తువ్వాలు చుట్టుకొని దోసెల పిండి రుబ్బతా ఉంటే, మా అత్త రెబెక్కమ్మ వాకిట్లోంచి అన్నది, "పన్ను నొప్పైతే చేతులాడవా? కాస్త మెత్తగా రుబ్బుమే!"

నయాపైసలు వచ్చిన కొత్తల్లో మాట ఇది. పన్ను సలుపుతానే ఉంది, ఇంట్లో ఒక్క పనీ ఆగలేదు. నేనే ఆగనియ్యలేదు. ఎందుకంటే విడవలూరులో నాకొక పేరుంది. హెబ్రోను మేస్టారు భార్య ఆనందకుమారి కిక్కురుమనకుండా ముగ్గురు బిడ్డల్ని కన్నదని మంత్రసాని ఊరంతా చెప్పింది, మా అత్త చర్చీలో చెప్పింది. ఆ పేరంటే నాకూ మహా ఇష్టం, అబద్ధమెందుకు! ఈ ఇంట్లో నన్ను ఇంక దేనికీ మెచ్చుకోరు. ఆ ఒక్క మెప్పే పట్టుకొని ఇన్నేళ్ళూ చాకిరీ చేసినాను.

చెంప ఉబ్బి కన్ను మూసుకుపోతేగానీ మా ఆయన నన్ను నెల్లూరు బస్సెక్కించలేదు. అక్కడ పళ్ళ డాక్టరు నోట్లోకి చూసి, దవడ పన్ను వేరుదాకా పుచ్చింది, మత్తు సూది వేసి తీస్తానన్నాడు. నోరు తెరుచుకొని ఉన్నది నేను, జవాబు చెప్పింది మా ఆయన.

"సూదెందుకులెండి డాక్టరుగారూ! ముగ్గుర్ని కన్నది, అబ్బా అని కూడా అనలేదు. మీరు పీకండి, ఊరికే కూర్చుంటుంది."

సంతలో ఎద్దును మెచ్చుకున్నట్టు నవ్వతా అన్నాడు. డాక్టరు సరేనని పట్టకారు తీసుకున్నాడు. నన్ను అడగనే లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాన్పుల్లో దిండుగుడ్డ కొరుక్కొని పడి ఉన్నది నేనైతే, గొప్ప ఈయనదా? రేపు ఇది కూడా చెప్పుకుంటాడు, సూది లేకుండా పీకించుకుంది మా ఆవిడ అని. ఊరంతా ఔరా అంటుంది. నేను మాత్రం ఇంటికిపోయి మళ్ళీ రుబ్బురోలు ముందు కూర్చుంటాను. ఓర్చుకున్నకొద్దీ నెత్తిన ఇంకో పని పడిందేగానీ, నొప్పా అని అడిగిన పాపాన ఎవరన్నా పోయినారా?

డాక్టరు చెయ్యి పట్టుకున్నాను. "నాకు సూది కావాల. నొప్పి నాది, అడగాల్సింది నన్ను!"

బయట బెంచీమీద కూర్చున్నోళ్ళు కూడా విన్నారు. మా ఆయన మొహం మాడిపోయింది. డాక్టరు గతుక్కుమని, "అట్నేలేమ్మా" అంటా సూది తీసినాడు. దవడ మొద్దుబారింది, పన్ను ఊడొచ్చింది. కుర్చీలోంచి లేస్తే ఎంత గర్వంగా ఉందో! బిడ్డల్ని కన్ననాడు కూడా నన్ను చూసుకొని నేనంత గర్వపడలేదు.

ఇంటికొచ్చి, దూది కరుచుకొని మంచమెక్కినాను.

"నలుగురిలో నా పరువు తీసిందమ్మా నీ కోడలు. సూది కావాలని అరిచింది" అని మా ఆయన తల్లికి చెప్పుకున్నాడు. నేను లేవలేదు. చూసి చూసి ఆయనే పొయ్యి దగ్గరికి పోయినాడు. నాకోసం గంజి కాయబోయి, ఉప్పు ఎక్కడుందో కూడా తెలీక డబ్బాలన్నీ మోత మోగించినాడు.

మా అత్త వచ్చి మంచంమీద నా పక్కన కూర్చుంది. ఇప్పుడు ఈమె తిట్లు మొదలని కళ్ళు మూసుకున్నాను.

"మే కుమారీ," అన్నది మెల్లిగా. "సూదేస్తే నిజంగానే నొప్పి తెలీదా?"

తెలీదని తలూపినాను.

ఆమె వేలితో తన బుగ్గ పక్కకు లాగి, లోపల నల్లగా పుచ్చిపోయిన పన్ను చూపించింది.

"నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచీ ఉండాది ఈ నొప్పి. ఎవురికీ చెప్పలా. నీ వాపు తగ్గినాక నన్నూ తీసకపో." వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "వాణ్ణి మాత్రం తోడు తేబాక. నాక్కూడా సూది వద్దంటాడు."