దర్శినికి కుట్టిన చిరుతిండి సంచి

కోతగిరి బజారులో మా నంజక్క కుట్టు కేంద్రానికి బడివాళ్లు నలభై సంచులు కుట్టమని చెప్పారు. మా కొండల మీద ప్లాస్టిక్ కవర్లు నిషేధం. అందుకని పిల్లలు చిరుతిండి తెచ్చుకోవడానికి లోపల అస్తరు, పైన జిప్పు ఉన్న గుడ్డ సంచులు. మాసితే ఉతుక్కోవచ్చు. ప్రతి సంచి మీదా పేరు కుట్టాలని జాబితా పంపారు. అందులో పదిహేడో పేరు నా కూతురిది. దర్శిని.

దానికి రెండేళ్లప్పుడు నాకూ నా మొగుడు హాలన్‌కూ చెడింది. పెద్దలు కూర్చుని ఒక్క పూటలో తేల్చేశారు. మా కులంలో పిల్ల తండ్రి హట్టికే, అంటే తండ్రి ఊరికే చెందుతుంది. నేను పుట్టింటి ఊరికి వచ్చేశాను. ఐదేళ్లయింది. ఒకసారి బడి గేటు దగ్గర నిలబడితే దాని మేనత్త నన్ను దొంగను తరిమినట్టు తరిమింది.

ముప్పై తొమ్మిది సంచులు బుద్ధిగా కుట్టాను. దర్శినిది మాత్రం మొదట చెడగొట్టాను. జిప్పు తెరవకుండానే చుట్టూ కుట్టేశాను. తిరగేసి కుట్టిన సంచిని జిప్పులోంచే బయటికి తిప్పాలి, ఇక దారేదీ?

“ఏమే రుక్కీ, కళ్లెక్కడ పెట్టుకున్నావే? నిన్న చేరిన పిల్ల కూడా జిప్పు సగం తెరిచాకే కుడుతుంది!” అంది నంజక్క.

కళ్లు ఆ పేరు మీద పెట్టుకున్నాను మరి.

విప్పి మళ్లీ కుడుతుంటే ఆ పాడు ఆలోచన వచ్చింది. పాడైన సంచి ఆదివారం తెస్తే ఊరికే బాగుచేసిస్తామని నంజక్క బడివాళ్లకు మాటిచ్చింది. జిప్పు చివర అడ్డంగా నాలుగు కుట్లు పడకపోతే పట్టుకుని లాగే రన్నర్ ఊడి చేతికొస్తుంది. దర్శిని సంచికి ఆ నాలుగు కుట్లూ ఎగ్గొట్టాను. సిగ్గేమీ పడలేదు. నా పిల్లను చూసుకోవాలని ఉంది, అంతే.

నాలుగు ఆదివారాలు మంచి చీర కట్టుకుని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరెవరి సంచులో వచ్చాయి.

ఐదో ఆదివారం నా పిల్ల వచ్చింది. పేరు అడగక్కర్లేదు, అచ్చం మా అమ్మ నుదురు. వెంట హాలన్ రెండో భార్య, ఆమె చంకలో పిల్లాడు. నేనెవరో ఆమెకు తెలియదు.

“అక్కా, వీడికీ ఒక సంచి కావాలి. దర్శిని సంచి కోసం ఏడ్చి నా ప్రాణం తీస్తున్నాడు. బస్సు వేళకి అవుతుందా?”

“అవుతుంది,” అన్నాను. “పాత సంచి జిప్పు బాగానే ఉందా?”

దర్శినే చెప్పింది. “మొదటి రోజే ఊడిపోయింది అత్తా! తీపి ఎన్నెహిట్టు పూరీలన్నీ బురదలో పడ్డాయి. అందరూ నవ్వారు, ఏడుపొచ్చింది. మా అమ్మ గుండీలు కుట్టింది. ఇప్పుడు చూడు, ఎంత లాగినా రాదు.”

చూశాను. మూడు గుండీలు, చేత్తో కుట్టిన కాజాలు. దర్శిని జడ కూడా పొందిగ్గా అల్లి ఉంది. వంక పెడదామంటే ఏమీ దొరకలేదు. నా పిల్లను ఏడిపించింది నేనే.

మిషను మీద మోచేతులు ఆనించి అది నా చేతుల్నే చూస్తూ నిలబడింది. దాని ఊపిరి నా మణికట్టుకు తగులుతోంది. పావుగంట పనిని అరగంట సాగదీశాను.

“బస్సొచ్చేస్తుందక్కా,” అందామె.

“అత్తా, తమ్ముడిది మాత్రం ఊడకుండా కుట్టు,” అంది దర్శిని.

జిప్పు చివర అడ్డంగా నాలుగు కుట్లు వేశాను. వాటి మీద మరో నాలుగు. దారం తెంచి సంచి దాని చేతిలో పెట్టాను. ఇక పదేళ్లయినా నా పిల్ల దాన్ని బాగుచేయించడానికి రాదు.