వదిలేసిన పేజీ

జీవశాస్త్రం పుస్తకంలో నూట నలభై మూడో పేజీతో ఆ బడిలో ఎవరికీ పరిచయం లేదు. ముందు పేజీలో చేపలున్నాయి, తర్వాతి పేజీలో అడవి ఉంది. మధ్యలో ఉన్న దీన్లో మాత్రం ఒక వంకర గీత, కింద రెండు వరసల సూత్రం. ప్రాణులు ఎంత వేగంగా పెరుగుతాయో, ఎక్కడ ఆగుతాయో చెప్పే లెక్క అది. లెక్క అన్న మాట వినబడితే చాలు, జీవశాస్త్రం వాళ్లు పక్క సందులోంచి వెళ్లిపోతారు.

టీచరు ఆ పేజీని మొదట చూసింది పద్నాలుగేళ్లప్పుడు. అప్పటి మాస్టారు రంగు సుద్దలతో కప్ప గుండె గీస్తే అది బోర్డు మీద కొట్టుకుంటున్నట్టే ఉండేది. గంట కొట్టినా పిల్లలు లేచేవారు కాదు. అంతటి మనిషి ఆ పేజీ దగ్గరికి రాగానే గొంతు సవరించుకుని, "ఇది వదిలెయ్యండర్రా, లెక్కలవాళ్ల గొడవ మనకెందుకు?" అన్నారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. లెక్కల్లో పదకొండు మార్కులు తెచ్చుకుని బిక్కుబిక్కుమంటున్న ఆ పిల్లకైతే ప్రాణం లేచొచ్చింది. పెద్దయ్యాక తానూ జీవశాస్త్రమే చెప్పాలని ఆ రోజే అనుకుంది.

అనుకున్నట్టే అయింది. ఇరవై నాలుగేళ్లుగా పాఠం చెబుతూ, ఏటా ఆ పేజీ దగ్గర గొంతు సవరించుకుని అదే మాట అంటోంది. ఆ మాట అన్నప్పుడల్లా మాస్టారి సుద్ద వాసన గుర్తొచ్చి మనసు తీపెక్కేది కూడా. ఎవరికీ నష్టం లేదు, పరీక్షలోనూ అది రాదు.

ఈ ఏడు బడికి ట్యాబులొచ్చాయి. కిటికీ పక్కన ఒక నీళ్ల పళ్లెంలో తేలే చిట్టి మొక్కలు పది ఆకులతో పెట్టారు. పిల్లలు రోజూ ఫోటో తీస్తే ట్యాబు ఒక్కో ఆకు మీద ఎర్ర చుక్క పెట్టి లెక్కపెట్టేది, లెక్కను గీతగా గీసి, కింద దాని సూత్రం చూపేది. పళ్లెం సైజు మారిస్తే గీత ఎలా మారుతుందో కూడా చూపేది. చివరి రోజున ఆ గీత గురించి చెప్పాలి. అంటే నూట నలభై మూడో పేజీ.

"శుక్రవారం నేనూ వచ్చి కూర్చుంటాను. మీకు కష్టమైతే ఇప్పుడే చెప్పండి, ట్యాబులూ ఆ పాఠమూ లెక్కల టీచరుకి ఇచ్చేస్తాను" అంది ప్రిన్సిపాల్, మర్యాదగానే.

టీచరుకి తల కొట్టేసినట్టయింది. తన క్లాసుని, తన మొక్కల్ని ఇంకొకరి చేతిలో పెట్టడమా? ఆదివారం ఉదయమే మాస్టారింటికి పరుగెత్తింది. ఎనభై దాటిన ఆయన దర్జీ కొట్టు మీది గదిలో ఉంటున్నారు.

"మాస్టారూ, ఆ పేజీ మాకు చెప్పలేదు సరే. మీకైతే తెలుసుగా! నాకిప్పుడు చెప్పండి."

మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. అద్దాల మీద దుమ్మేమీ లేదు.

"తెలిస్తే వదిలేస్తానా అమ్మాయ్? మా మాస్టారు వదిలేశారు, నేనూ వదిలేశాను."

టీచరుకి ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఈయన్ని నెత్తిన పెట్టుకున్నానే అనుకుంది. మెట్లు దిగుతుంటే ఆ కోపం తన మీదికే తిరిగింది. ఇరవై నాలుగేళ్లుగా తన దగ్గర చదివిన పిల్లలు తన గురించి ఏమనుకోవాలి?

"నేనూ వస్తాను శుక్రవారం" అన్నారాయన పైనుంచి. "వెనక బెంచీలో కూర్చుంటా. నోరెత్తను."

ఆ వారమంతా టీచరు రాత్రిళ్లు ఆ పేజీ తెరిచి, సూత్రం కనబడగానే మూసేసింది. శుక్రవారం మాస్టారు నిజంగానే వచ్చారు, చేతిలో కొత్త నోటుపుస్తకంతో. ప్రిన్సిపాల్ గోడవార కూర్చుంది. తెర మీద గీత లేచింది: పది, ఇరవై, ముప్పై తొమ్మిది, డెబ్బై అయిదు. అక్కడిదాకా పిల్లలు కేకలు పెట్టారు. ఆ తర్వాత నూట ఇరవై, నూట నలభై ఎనిమిది, నూట యాభై అయిదు. గీత నీరసించి పక్కకి ఒరిగింది.

ఆ క్లాసులో ఒక పిల్లకి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టారు తోటివాళ్లు. ఆ పిల్ల లేచింది. "ఎందుకు వంగింది టీచర్?"

టీచరు అలవాటుగా గొంతు సవరించుకుంది. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. వెనక బెంచీలో మాస్టారు తల వంచుకున్నారు.

"నాకు తెలీదమ్మా" అంది టీచరు. "ఈ పేజీ నేను ఎప్పుడూ చదవలేదు."

ప్రిన్సిపాల్ కలం ఆగింది.

"మొక్కల్నే అడుగుదాం, రండి."

అందరూ పళ్లెం చుట్టూ మూగారు. ఆకుల మధ్య నీరు కనబడటం లేదు. మొక్కల సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? చోటు చాలక, అడుగువాటికి వెలుగు అందక ఆగిపోయాయి. ఆ మాటే చెప్పింది. ఎందుకమ్మ ఊరుకుంటుందా, ట్యాబులో పళ్లెం సైజు రెట్టింపు చేసింది. తెర మీద గీత ఇంకా పైకెళ్లి, అక్కడ ఒరిగింది. మళ్లీ పెంచింది. మళ్లీ పైకెళ్లి ఒరిగింది. సూత్రంలో ఒక్క అక్షరం విలువే మారుతోంది.

"అయితే ఈ అక్షరం మన పళ్లెమేనా టీచర్?"

"పళ్లెమే!" అని అరిచింది టీచరు. ఇంతేనా? ముప్పై నాలుగేళ్లు తాను భయపడి చచ్చింది ఒక నీళ్ల పళ్లేనికా? నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

"వచ్చే శుక్రవారం ఏం పెంచుతున్నారు?" అని మాత్రం అడిగి, ప్రిన్సిపాల్ కలం మూసేసింది.

పిల్లలు బెంచీల్లోకి వెళ్లాక టీచరు సూత్రాన్ని బోర్డు మీద రాసి, మిగతా అక్షరాలనూ అలాగే ట్యాబులో మార్చి చూస్తూ, ఒక్కోటి దేనికో చెప్పుకుంటూ వచ్చింది. ముగించి చేతులు దులుపుకుంటుంటే వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది. ముసలి చెయ్యి. దాని వెనకే మాస్టారు, పిల్లల్లాగే, బెంచీ పట్టుకుని లేచి నిలబడ్డారు.

"రెండో వరస నాకు అర్థం కాలేదు టీచర్" అన్నారు. "ఇంకోసారి చెప్తారా?"