వెనక పిలుపు

ఫుట్‌బాల్ అంటే నాకు ఒళ్ళు మంట. మా హోటల్లో టీవీ పెట్టించింది నేనే, కానీ సీరియళ్ళ కోసం పెట్టించాను. శ్రీరాంపూర్ కాలనీలో మిర్చి బజ్జీ, చాయ్ అమ్మే హోటల్ మాది. బొగ్గు బాయిలో పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళు స్నానాలు చేసి మా దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్ళు తిని పోతే బాగుండును, పోరు. మూసీ యునైటెడ్ మ్యాచ్ ఉంటే చూస్తారు, లేకపోతే అయిపోయిన మ్యాచ్ గురించి కొట్లాడుకుంటారు. ఆ జట్టులో ఆడేది మా తమ్ముడు విజయేందర్, మా అందరి విజ్జి, కాబట్టి నేను ఎవరినీ లేచిపొమ్మనలేను.

వాళ్ళలో ముందుండి నడిపేది మా ఆయన సదానందమే. బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. ఇంట్లో నల్లా కారుతోందని నెలరోజులు మొత్తుకున్నా చెవినేసుకోడు గానీ, హైదరాబాదులో కోచ్ ఎవరిని ఎక్కడ ఆడించాలో మాత్రం ఆయనే చెప్పాలి.

"నాలుగు మ్యాచుల సంది రెండో సగంల విజ్జిని బయటికి గుంజుతుండు. గీ మ్యాచ్‌ల అసలు దింపనే లేదు. గా లాప్‌టాప్ సారుకు మనిషి కనవడడు, అంకెలే కనవడ్తయి" అన్నాడు ఆ రోజు, బజ్జీని సగానికి కొరికి.

"అన్నా, లెక్క చూసి మాట్లాడు" అన్నాడు కొండల్. బాయిలోనే ఎలక్ట్రీషియన్ అతను. ఫోన్ తీసి గీతలు చూపించడం అతని జబ్బు. "ఆటగాళ్ళ బనీన్ల చిన్న మిషన్ పెడ్తరు. ఎవడెంత ఉరికిండో మొత్తం వస్తది. మొదటి సగంల విజ్జి అందరికన్న ఎక్కువ ఉరుకుతుండు. రెండో సగంల ఒక్కసారే పడిపోతుండు. చూడు, గీత ఎట్ల దిగిందో. కోచ్ తప్పేమున్నది ఇండ్ల?"

"మిషన్‌నే ఆడమను మరి. మా బామ్మర్ది ఎందుకు?"

మూల బల్ల దగ్గర దేవదాస్ సారు గ్లాసు దించాడు. బాయి నుంచి రిటైరై కాలనీ పిల్లలందరికీ ఆట నేర్పిన మనిషి. విజ్జికి మొదటి బూట్లు కొనిచ్చింది ఆయనే. "ఇద్దరిదీ తప్పే. వాన్ని కుడి అంచుకు పెట్టి ఉరికిస్తే అలిసిపోడా? నడుమ పెట్టాలె. నిలవడి చూసి పాస్ ఇచ్చే పిలగాడు వాడు. గా కోచ్‌కు ఎవలన్న చెప్పుర్రి."

ముగ్గురూ మళ్ళీ మొదలుపెట్టారు. నేను మూకుడు ముందు నిలబడి వింటున్నాను. శనగపిండిలో ముంచిన మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. కొండల్ ఫోన్‌లో ఆ గీత ఎందుకు పడిపోతోందో ఆ హోటల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు.

నెల కిందట విజ్జి రెండు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చాడు. సాయంత్రం పెరట్లో మా పాప ప్రవళికతో బంతి ఆడుతూ ఆడుతూ నల్లా పక్కన కూలబడ్డాడు. పెదవులు తెల్లగా అయిపోయాయి. పాప అది కూడా ఆటే అనుకుని నవ్వింది. నేను పరుగెత్తి మొహాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచాడు.

"ఏం కాలే అక్కా. జోరుగ ఉరికితే జర చక్కర్ వస్తది. కండ్లు చీకట్లయితయి, గుండె ఒక్కటే తీరుగ కొట్టుకుంటది. మళ్ళ తగ్గుతది."

"ఎన్ని రోజుల సంది?"

"సీజన్ మొదలైనప్పటి సంది."

"డాక్టర్‌కు చెప్పినవా?"

"చెప్తే ఇగ ఆడనిస్తరా? గీ సీజన్ అయితే మూడేండ్లకు ఒప్పందం రాస్తరు. గంతదాక ఆగు." నేను మా ఆయన్ని పిలవబోతుంటే నా చెయ్యి పట్టుకుని పాప నెత్తి మీద పెట్టాడు. "ఎవ్వలకన్న చెప్పినవంటే ప్రవళిక మీద ఒట్టు."

అంతే. నా నోరు కట్టేసి వాడు మర్నాడు బస్సెక్కి పోయాడు. లేకలేక పుట్టిన పిల్ల. దాని నెత్తి మీద ఒట్టు. ఇలాంటివి నమ్మనని చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టించి అప్పుడు అడగాలి.

మా బాపుకూ ఇలాగే చక్కర్లు వచ్చేవి. బాయి దిగేవాడు చక్కర్ అంటే పైన తేలిక పనికి వేస్తారు. బాపుకు అది నామోషీ. ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని గడప దాటుతూ తూలి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుని పోయాడు. మమ్మల్ని కన్న అవ్వ చూసింది, కానీ పిలవలేదు. డ్యూటీకి పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదన్నది మా కాలనీలో అందరూ పాటించే పట్టింపు. డబ్బా మర్చిపోయినా పిలవరు, ఎవరో ఒకరు ఉరికి ముందుకెళ్ళి ఇస్తారు. ఒకవేళ నోరు జారి పిలిచారా, ఆ మనిషి వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు పోవాలి. అలా పోవడానికి కూడా చాలామంది భయపడి ఆ రోజు నాగా పెడతారు. బాపు ఆ రోజు బాయిలో కూలిపోయాడు, మళ్ళీ లేవలేదు. మా అవ్వ కిష్టవ్వ ఇప్పటికీ ఏదో ఒక పనిలో ఉండి, ఉన్నట్టుండి, "ఒక్క పిలుపు పిలిస్తే ఆగుతుండె" అంటుంది.

విజ్జికి రోజూ ఫోన్ చేశాను. ఆడకురా అంటే పెట్టేసేవాడు. కోచ్ వాణ్ణి జట్టులోంచి తీసేసినప్పుడు హోటలంతా తిట్టిపోస్తుంటే, నేను లోపలికి పోయి దేవుడి పటం ముందు ఆ కోచ్ పేరు మీద దీపం పెట్టాను. ఆ లాప్‌టాప్ చల్లగా ఉండాలని మొక్కుకున్నాను.

కానీ వీళ్ళు ఊరుకుంటారా? మూసీ యునైటెడ్ వాళ్ళు కరీంనగర్‌లో ఒక ప్రదర్శన మ్యాచ్ పెట్టారు. మా ఆయన కాలనీ నుంచి మినీ బస్సు మాట్లాడాడు. 'మా విజ్జిని ఆడించాలి' అని బ్యానర్ రాయించాడు. ఫోన్లలో గ్రూపులు కట్టి, లాప్‌టాప్ కోచ్ డౌన్ డౌన్ అని వారం రోజులు రాతలే రాతలు. క్లబ్బు వాళ్ళకు జనం కావాలి, జనానికి విజ్జి కావాలి. ఆఖరికి, ఈ ప్రాంతం పిల్లాడు రెండో సగంలో ఆడతాడని క్లబ్బు వాళ్ళే ప్రకటించారు. ఆ సాయంత్రం హోటల్లో అందరికీ బజ్జీలు ఫ్రీ అన్నాడు మా ఆయన. ఆ బజ్జీలు వేసింది నేను.

బస్సులో ప్రవళిక నా ఒళ్ళో కూర్చుంది. పెద్దపల్లి దాటాక ఇక తట్టుకోలేక, "ఏమయ్యా, ఒక మాట" అన్నాను మా ఆయనతో.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్? తమ్ముడు ఆడుతుంటే సంబురం లేదా నీకు?"

పాప నెత్తి నా గడ్డం కిందే ఉంది, కొబ్బరినూనె వాసన వస్తోంది. "ఏం లేదు, నీళ్ళ బాటిల్ ఎక్కడ పెట్టినవ్" అని అడిగాను.

స్టేడియంలో మా కాలనీవాళ్ళకు మైదానం గీత దగ్గరే చోటు దొరికింది. ముందు ఇనుప జాలి, దాని అవతల ఆటగాళ్ళ బెంచీ. విజ్జి మెడ వెనక భాగం కనబడుతోంది. మొదటి సగం ఎలా జరిగిందో నేను చూడలేదు, ఆ మెడనే చూస్తూ కూర్చున్నాను. మూసీ వాళ్ళు ఒక గోలు వెనకబడ్డారట. నా పక్కన కొండల్, దేవదాస్ సారు అక్కడ కూడా వదల్లేదు.

"నడుమ దింపుతే చాలు, ఆట మారుతది" అంటాడు సారు.

"సారూ, వేడి చూడుర్రి. గీ వేడికి ఆయన అంకెలు ఇంకింత పడ్తయి" అంటాడు కొండల్.

రెండో సగం మొదలైంది. మా ఆయన లేచి, "విజ్జి, విజ్జి" అని మొదలుపెట్టాడు. బస్సు మొత్తం అందుకుంది. తర్వాత ఆ వైపు స్టాండంతా అందుకుంది. ముక్కూమొహం తెలియని వాళ్ళు కూడా మా తమ్ముడి పేరు పెట్టి అరుస్తున్నారు. కోచ్ చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి పక్కనున్న పిల్లవాడి చేతిలోని లాప్‌టాప్ వైపు, ఒకసారి జనం వైపు చూశాడు. నేను మనసులో ఆయన కాళ్ళు పట్టుకున్నాను. లెక్కే చూడు సారూ, జనాన్ని చూడకు.

ఆయన జనాన్నే చూశాడు. విజ్జిని లేవమని చెయ్యి ఊపాడు.

జనం హోరుకు నా చెవులు మూసుకుపోయాయి. విజ్జి పై బనీను తీసేసి, కాళ్ళు విదిలించి, గీత దగ్గరకు నడిచాడు. బంతి బయటికి వస్తే వాడు లోపలికి పోతాడు. నడుస్తున్నవాడు ఒక్క క్షణం తూలాడు. పక్కనున్న జెండా కర్ర మీద చెయ్యి వేసి నిలదొక్కుకున్నాడు. స్టేడియంలో ఎవరికీ అది తూలడంలా కనబడలేదు. నాకు మా ఇంటి గడప, బాపు చేతిలో టిఫిన్ డబ్బా కనబడ్డాయి.

ప్రవళికను మా ఆయన ఒళ్ళోకి తోసి జాలి దగ్గరికి ఉరికాను.

"విజ్జిగా, ఆగురా. తమ్మీ, పోకు."

"వెనక పిలుస్తవేందే, నీకేమన్న అయిందా" అని దేవదాస్ సారు నా భుజం పట్టి లాగాడు. నేను జాలి వదల్లేదు. మళ్ళీ పిలిచాను, ఇంకా గట్టిగా పిలిచాను.

విజ్జి విన్నాడు. వెనక్కి తిరిగి చూసిన చూపులో ఎంత కోపమో. బంతి బయటికి వచ్చింది, రెఫరీ రమ్మన్నాడు. వాడి కాలు గీత మీదే ఆగిపోయింది. ఎంత పెద్ద జట్టులో ఆడినా వాడు బాయి కాలనీలో పుట్టినవాడు. వెనక పిలుపు విని, కూర్చోకుండా, నీళ్ళు తాగకుండా పోలేడు. వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుని, నీళ్ళివ్వమని చెయ్యి చాపాడు. కోచ్‌కు ఏమీ అర్థం కాలేదు.

ఆ రెండు గుక్కల వ్యవధే నాకు దొరికింది. పాప నెత్తి గుర్తొచ్చింది, కళ్ళు మూసుకున్నాను. "డాక్టర్ సారూ, వానికి చక్కర్లు వస్తున్నయి. నెలల సంది దాచిపెడుతుండు. మా బాపు గిట్లనే పోయిండు సారూ, వాన్ని ఆడనియ్యకుర్రి" అని అరిచాను.

జట్టు డాక్టరు ఒక్క ఉదుటున వచ్చి విజ్జి మెడ మీద వేళ్ళు పెట్టాడు. ఆ వేళ్ళు ఎంతసేపటికీ తీయలేదు. కోచ్ ఇంకొకరిని లోపలికి పంపించాడు. మా ఆయన పాపను ఎత్తుకుని నా వెనక నిలబడ్డాడు. ఆయన చేతిలోంచి బ్యానర్ ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

గుండె కండరం దళసరి అయిందన్నారు పరీక్షల్లో. గుండె లయ తప్పితే సరిచేసే చిన్న మిషన్ ఛాతీలో పెట్టారు. బతుకుతాడు, పనులన్నీ చేసుకుంటాడు, ఫుట్‌బాల్ మాత్రం ఆడకూడదు. విజ్జి మా ఇంటికే వచ్చాడు. నాతో మాట్లాడలేదు. నేను కంచం పెడితే తినేవాడు కాదు, అవ్వ పెడితే తినేవాడు. హోటల్లో మాత్రం చర్చ ఆగలేదు. కోచ్ మొదట తీసేయడం రైటా, చివరికి దింపబోవడం తప్పా అని కొండల్, సారు తల తింటూనే ఉన్నారు. మా ఆయన వాళ్ళ మధ్య కూర్చుని చాయ్ చల్లారబెట్టుకుంటున్నాడు.

నా భయం నాకు ఉంది. ప్రవళిక తుమ్మినా ఒళ్ళు జలదరించేది. దాని బడి ఆటో కాస్త ఆలస్యమైతే రోడ్డు మీదికి పోయి నిలబడేదాన్ని. ఒట్టు తప్పింది నేను, నా పిల్లకు ఏమవుతుందో అని. అప్పుడే గుండె డాక్టరు కబురు పెట్టాడు. ఇది ఇంట్లో వాళ్ళకు రక్తంలో వచ్చే జబ్బట, తండ్రికి, కొడుక్కి ఉంది కాబట్టి నాకూ, నా పాపకూ పరీక్ష చేయాలట. ఆ మాట విని నేను నేల మీద కూర్చుండిపోయాను.

కరీంనగర్ ఆసుపత్రికి తోడు రమ్మని ఎవరూ అడగకుండానే విజ్జి బస్సెక్కాడు. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నా పరీక్ష ముందు అయింది, నాకేమీ లేదన్నారు. నాలో బయటపడకపోయినా పాపకు ఉండొచ్చు కాబట్టి దానికీ చేయాలన్నారు. తర్వాత నర్సు వచ్చి ప్రవళిక పేరు పిలిచింది, తల్లి బయటే ఉండాలంది. పాప రెండడుగులు వేసి నా వైపు చూసింది.

విజ్జి లేచి దాని ముందుకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"అక్కా, ఒట్టు తీసేస్తున్న. ఇన్నవా? నేను పెట్టిన, నేనే తీసేస్తున్న. ఇగ దీని మీద ఏం లేదు."

ఆ మ్యాచ్ తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది. చెయ్యి తీసి, పాప వీపు మీద మెల్లగా తట్టి, లోపలికి పంపించాడు. పాప నడిచి పోతుంటే దాన్ని పిలవాలని నా నోటిదాకా వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. తలుపు పడింది.

విజ్జి నన్ను జబ్బ పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, సంచిలోంచి బాటిల్ తీసి మూత విప్పాడు.

"కూసో అక్కా. నీళ్ళు తాగు."

తలుపు వైపే చూస్తూ తాగాను.