తొమ్మిదికి దొరకని తప్పు

లెక్కల టీచరు రక్తనిధి కిటికీ ముందు చీటీ పట్టుకుని నిలబడింది. ఆరు నెలల కిందట భర్త కోసం నిలబడ్డదీ ఇక్కడే. ఇప్పుడు పైన మూడో అంతస్తులో చెల్లెలు ఉంది. గ్రూపు ఒకటే అయినా ఆమె ఒంటికి అందరి రక్తమూ పడదు. పొద్దుటి నుంచి పదకొండు సంచులు పరీక్షిస్తే ఒక్కటే కలిసింది. దాని నంబరు చీటీ మీద ఉంది: 52731844.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి టీచర్? సంచి పైకి వెళ్లిపోయిందిగా!" అంది కిటికీ అవతల పరీక్షలు చేసే అమ్మాయి. ఒకప్పుడు ఈ టీచరు క్లాసులోనే చదివింది. నోరు మూతపడదని అందరూ గలగల అనేవారు.

"నంబరు సరిచూశావా?"

"మీ శిష్యురాల్ని, చూడకుండా పంపుతానా? కంప్యూటరు పొద్దున్నించి మొండికేసింది. అయితేనేం, మీ తొమ్మిది లెక్క ఉందిగా! చీటీలో అంకెలన్నీ కలిపితే ముప్పై నాలుగు, మూడూ నాలుగూ ఏడు. సంచి మీదా ఏడే. ఎనిమిదంకెలూ చదువుతూ ఎవరు కూచుంటారు, చెప్పండి?"

టీచరు నవ్వబోయి ఆగిపోయింది. కూడికలు సరిచూసుకోవడానికి ఆ లెక్క తనే నేర్పింది: అంకెలన్నీ ఒక్క అంకె అయ్యేదాకా కలిపితే తొమ్మిదితో భాగించినప్పటి శేషం తెలిసిపోతుంది. అంకెలు చోట్లు మారినా మొత్తం మారదనీ, ఆ తప్పును తొమ్మిది పట్టుకోలేదనీ చెప్పబోతుంటే గంట కొట్టారు. రేపు చెబుతానంది. మర్నాడు కొత్త పాఠం మొదలుపెట్టింది.

"పంపిన సంచి నంబరు రాసుకున్నావా? చదువు."

"ఎందుకు టీచర్, రెండూ ఏడే..."

"చదవవే అమ్మాయ్!"

గలగల రిజిస్టరు తిప్పింది. "ఐదు, రెండు, మూడు, ఏడు..."

చీటీలో ఏడు, మూడు. తేడా మూడు లక్షల అరవై వేలు. తొమ్మిదితో భాగిస్తే శేషం మిగలదు. వద్దన్నా ఆ లెక్క బుర్రలో దానంతటదే జరిగిపోయింది.

"పైకి ఫోన్ చెయ్యి!"

"మోగుతోంది... ఎవరూ ఎత్తట్లేదు టీచర్!"

లిఫ్టు కోసం ఆగలేదు. భర్తను కడసారి మోసుకుంటూ దించిన మెట్లే. ఆ మాట మనసులోకి రానివ్వకుండా రెండేసి ఎక్కింది.

సంచి వేలాడుతోంది. గొట్టం ఎర్రగా నిండి ఉంది. నర్సు వేళ్లు ఇంకా విప్పని గొట్టం బిగింపు మీద ఉన్నాయి. వెళ్లి నర్సు మణికట్టు పట్టేసుకుంది.

"ఏంటమ్మా ఇది? చెయ్యి వదలండి! కిందివాళ్లు చూసే పంపారు కదా?"

టీచరు చీటీని సంచి పక్కన పెట్టింది. నర్సు పెదాలు కదుపుతూ చదివింది. మూడో అంకె దగ్గర పెదాలు ఆగాయి. గబుక్కున సంచి దించేసింది.

"ఏంటక్కా, ఆ పరుగేంటి?" అంది చెల్లెలు నీరసంగా.

"ఏం లేదే. నంబరు చూద్దామని."

కాసేపటికి గలగల ఇంకో సంచి తెచ్చింది. కళ్లెత్తలేదు.

"చదువు," అంది టీచరు. "ఒక్కొక్క అంకే."

"ఐదు. రెండు." గలగల ఒక్కో అంకె మీదా వేలు ఆనించింది. "ఏడు. మూడు."

చివరి నాలుగు దాకా విని, టీచరు నర్సు వైపు చూసి తల ఊపింది. మొదటి చుక్క పడింది. అయినా చీటీ మడవలేదు. మళ్లీ ఐదు దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టింది.