పాలిష్ ఇంట్లో అగరొత్తులు

పాలిష్ మేస్త్రి ముక్కు పనిచేయడం మానేసి చాలా ఏళ్లయింది. ముందు గదిలో బల్లలకూ బీరువాలకూ వార్నిషు పూస్తూ, వెనక గదుల్లో కాపురం చేసేవాడి ముక్కు ఎన్నాళ్లని నిలుస్తుంది? పెళ్లానికి మాత్రం చెప్పలేదు. చెబితే లోకువైపోతానని భయం.

ఇన్నాళ్లకు వదినగారు, అంటే పెళ్లాం అక్క, వస్తోంది. కిందటిసారి వచ్చినప్పుడు "ఈ కంపులో ఎలా ఉంటున్నారే?" అంటే, మొగుడూ పెళ్లాలిద్దరూ "కంపా? ఏం కంపు?" అన్నారు. ఆవిడ సంచీ తీసుకుని చక్కాపోయింది. అప్పటినుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. చెల్లెలు కళ్లొత్తుకోని రోజు లేదు.

"తియ్యటి పూల వాసనొచ్చే అగరొత్తులు చూసి తెండి. మీ ముక్కు మీదే భారం వేశాను" అంది పెళ్లాం.

కొట్టులో అమ్మాయి రకరకాల కట్టలు ముందు పెట్టింది. మేస్త్రి ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసి, తల పంకించాడు. సంపెంగ ఘాటెక్కువన్నాడు. గులాబీలో పస లేదన్నాడు. ఆఖరికి ఓ మూలనున్న కట్ట అందుకుని, "ఇదీ పువ్వంటే" అన్నాడు.

"బాబాయ్, అది..." అనబోయింది ఆ అమ్మాయి.

"మాకు తెలుసులేమ్మా" అని చెయ్యెత్తి ఆపాడు. తెలిసినాయనకి చెప్పడమెందుకని ఆ పిల్ల పొట్లం కట్టి ఇచ్చేసింది.

ఇంట్లో గుప్పెడు పుల్లలు వెలిగించి, పెళ్లాం గుండెల నిండా పీల్చింది. "ఎంత కమ్మగా ఉందండీ. మీ ముక్కుకి దణ్ణం పెట్టాలి." మేస్త్రి మీసం దువ్వుకున్నాడు.

వదినగారు గడప దగ్గరే ఆగిపోయి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "దోమల పుల్లలు వెలిగించారేం? వేప పొగ పెట్టి నన్ను తరిమేద్దామనా?"

"దోమలేంటి వదినా, మల్లెలైతే" అన్నాడు మేస్త్రి.

"గులాబీలక్కా" అంది పెళ్లాం అదే ఊపులో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీకూ వాసన తెలీదా?"

"మీకు తెలుసుననే కదండీ, నేను బాగుందన్నాను."

వదినగారు కొంగు దించింది. "అయితే ఆ రోజు మీరు నన్ను వెటకారం చెయ్యలేదా?"

"ఒట్టక్కా, నిజంగానే తెలీలేదు" అంటూ చెల్లెలు బావురుమంది.

"పిచ్చి మొహమా, ఆ ముక్క అప్పుడే చెప్పుంటే నేనెందుకు పోయేదాన్నే?" అంటూ వదినగారు లోపలికొచ్చి చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది. తర్వాత పుల్లలన్నీ నీళ్లలో ముంచి, కిటికీలు తెరిచి, మేస్త్రి వైపు తిరిగింది.

"రేపు కొట్టుకి నేనూ వస్తాను బాబూ" అంది.